వంశవృక్షం కాదు, వీలునామా

మన జీవితచరిత్రకారులకు ఒక అలవాటు ఉన్నది. కథానాయకుడు పుట్టకముందే ఏడు తరాల వంశావళిని ఏకరువు పెడతారు. మూలపురుషుడు ఏ ఊరినుండి వలస వచ్చినాడు, ఏ ప్రభువు మెప్పు పొందినాడు, ఏ శాస్త్రంలో దిట్ట, ఏ దేవునికి గోపురం కట్టించినాడు అన్న విషయాలన్నీ అందులో ఉంటవి. ఆ ఏడు తరాలవారు ఏ భూమిపై శిస్తు తిని బ్రతికినారు, పోయేముందు ఆ భూమిని ఎవరి పేర వ్రాసినారు, ఎవరికి వ్రాయలేదు అన్న ప్రశ్నలు ఎదురయ్యేసరికి మాత్రం కలం నిలిచిపోతుంది. ఇవి ఆస్తి తగాదాలు, సాహిత్య చరిత్రకు వీటితో పని లేదు అని ఒక్క వాక్యంతో దాటివేస్తారు.

ఈ దాటివేతను ఖండించడానికే ఈ వ్యాసం. ఒక కుటుంబం తన్ను గురించి లోకం ఏమనుకోవలెనని కోరుకున్నదో వంశావళి చెబుతుంది. ఆ కుటుంబం నిజంగా ఏమి చేసినదో తెలియవలెనంటే వీలునామాలు, భాగపరిష్కార పత్రాలు, ఎస్టేటు దస్త్రాలు, కోర్టు తీర్పులు చదవవలసినదే. వంశావళి వ్రాసేవానికి వినేవారి మెప్పు చాలును. వీలునామా వ్రాయించేవానికి ఒక మాట తప్పిపోతే పరగణా తప్పిపోతుంది. అందువల్ల తన ప్రేమలను, ద్వేషాలను, అనుమానాలను అతడు ఆ కాగితంలో వెల్లడించినంత స్పష్టంగా మరెక్కడా వెల్లడించడు.

ఇక రెండవ పక్షంవారు ఉన్నారు. వీరు పాత కాగితాలను తిరస్కరించరు. పైపెచ్చు ఎంతో శ్రమపడి వెదుకుతారు. అయితే వెదికేది తాతగారి ఎకరాల లెక్క కోసం, బిరుదుల జాబితా కోసం. దొరికిన వీలునామాకు అద్దం బిగించి గోడకు తగిలిస్తారు. మొదటి పక్షంవారు కాగితం చదవరు. రెండవ పక్షంవారు అందులో తమకు నచ్చిన పంక్తి మాత్రమే చదువుతారు. ఫలితంలో ఇద్దరికీ భేదం లేదు. ఇద్దరి చేతిలోను కుటుంబ చరిత్ర స్తోత్రపాఠమే అవుతున్నది.

ముందుగా మాట సంగతి విచారించవలె. హిందీవారు దీనిని 'వసీయత్' అంటారు. అది అరబ్బీ పదం. మరాఠీవారు 'మృత్యుపత్రం' అంటారు. మనవారి 'వీలునామా' ఇంగ్లీషు 'విల్'కు పారశీకపు 'నామా' తోక తగిలించగా పుట్టిన మాట. హిందీనుండి తెనిగించేటప్పుడు వసీయత్‌కు 'మరణశాసనం' అని వ్రాయాలని చేయి ఉబలాటపడుతుంది. అట్లా వ్రాస్తే వాక్యానికి గాంభీర్యం వచ్చేమాట నిజమే. కాని ఆ కాగితం ఎక్కడ పుట్టినదో మరుగున పడిపోతుంది. మన ధర్మశాస్త్రాలలో దాయం ఉన్నది, విభాగం ఉన్నది, దానం ఉన్నది. యజమాని చనిపోయిన తరువాత అమలుకు వచ్చే పత్రానికి ప్రత్యేక ప్రకరణం లేదు. అది కంపెనీ కోర్టుల నీడలో, కలకత్తా మదరాసు వంటి పట్టణాలలో, హిందూ కుటుంబాలలోనికి ప్రవేశించినది. 1870 నాటి హిందూ వీలునామాల చట్టం దానికి బెంగాలులోను, మదరాసు బొంబాయి నగరాలలోను ఒక క్రమం ఏర్పరచినది. సంతకం, ఇద్దరు సాక్షులు అన్న నియమం తక్కిన ప్రాంతాల హిందువులకు 1927 నుండి మాత్రమే వర్తించినది. అంతకుముందు మన పల్లెలలో నోటిమాటగా చెప్పిన వీలునామా సైతం చెల్లేది. కాబట్టి 'వీలునామా' అన్న సంకర పదమే ఈ సంకర చరిత్రకు తగిన పేరు. ఇంటి ఆచారము, నవాబుల దస్తావేజు భాష, దొరల న్యాయశాస్త్రము మూడూ ఆ కాగితంమీద కలుసుకున్నవి.

ఇప్పుడు ఒక కుటుంబాన్ని తీసుకుందాము. భారతీయ సాహిత్యం చదివే తెలుగువారికి ఠాకూరుల కుటుంబంకంటె పరిచితమైనది మరొకటి లేదు. జొరాసాంకో ఇంటి సంగీతం, బ్రహ్మసమాజం, నాటకాలు, పత్రికలు అన్నీ మనకు తెలుసును. ఆ ఇల్లు ఏ కాగితాలమీద నిలిచినదో మనకు చెప్పినవారు తక్కువ.

ద్వారకానాథ్ ఠాకూరు 1794లో జన్మించినాడు. ఆయన దత్తపుత్రుడు. పెదతండ్రి రామలోచన్ 1807లో చనిపోతూ వీలునామా ద్వారా ఆస్తిని ఈ బాలునికి వ్రాసినాడు. మైనారిటీ తీరేవరకు పోషణభారం, ఆస్తి నిర్వహణ తన భార్య అలకాసుందరికి అప్పగించినాడు. వంశవృక్షంలో అలకాసుందరికి కొమ్మ లేదు. ఆమె కడుపున వారసుడు పుట్టలేదు గనుక. వీలునామాలో మాత్రం ఆమె ఒక జమీకి సంరక్షకురాలు. తరువాతికాలంలో నౌకలు, బొగ్గు గనులు, బ్యాంకు నడిపిన ఆ మహావ్యాపారి తన బాల్యంలో ఒక వితంతువు చేతిక్రింద ఆస్తి నిర్వహణ చూసి పెరిగినాడన్న సంగతి మనకు అందించినది ఈ కాగితమే.

ద్వారకానాథ్ వ్యాపారంలో ఎంత సాహసియో కాగితంమీద అంత జాగ్రత్తపరుడు. 1840లో ఆయన ఒక ట్రస్టుపత్రం వ్రాసినాడు. బిరాహింపురం, కాళీగ్రామం, శాజాద్‌పురం, ఒరిస్సాలోని పాండువా జమీలను తన వ్యాపారంనుండి వేరుచేసి సంతానం కోసం కట్టుదిట్టం చేసినాడు. ఆయన 1846లో లండనులో మరణించినాడు. 1848 ప్రారంభంలో కార్, ఠాకూర్ కంపెనీ కూలిపోయినది. అప్పులు కోటి రూపాయలు, రావలసినవి డెబ్బది లక్షలు అని కుమారుడు దేవేంద్రనాథుడు తన ఆత్మకథలో లెక్క చెప్పినాడు. ట్రస్టు ఆస్తి అప్పులవారికి అందదు. అయినా దానిని సైతం వారి ముందు పెట్టడానికి తాను సిద్ధపడినట్లు కూడా ఆయనే వ్రాసినాడు. మహర్షి వైరాగ్యానికి నిదర్శనంగా ఈ ఘట్టాన్ని మనవారు ఎన్నోసార్లు ఉదహరించినారు. ఉదహరించవలసినదే. కాని ఆ వైరాగ్యం ఎంతటిదో తూచడానికి తులామానం ఏది? ట్రస్టుపత్రమే గదా! చట్టం కాపాడుతున్న ఆస్తి ఏదో తెలిస్తేనే దానిని వదులుకోవడానికి సిద్ధపడినవాని ఔన్నత్యం తెలుస్తుంది. ఆస్తి పత్రం చదివితే మహర్షి చిన్నబోతాడని భయపడేవారు ఈ సంగతి గమనించవలె. కాగితం ఆయనను పెంచినదే కాని తగ్గించలేదు.

అంతటితో కథ ముగియలేదు. ఆ జమీలు నిలిచినవి. 1890 తరువాతి సంవత్సరాలలో వాటిని చూడడానికి దేవేంద్రనాథుడు తన కడపటి కుమారులలో ఒకనిని పంపినాడు. ఆయన పద్మానది మీద పడవలో తిరుగుతూ శిలైదహ, శాజాద్‌పురం, పతిసర్‌ల నుండి వ్రాసిన ఉత్తరాలు 'ఛిన్నపత్ర'గా వెలువడినవి. శిలైదహ బిరాహింపురం కచేరీ. పతిసర్ కాళీగ్రామం కచేరీ. అంటే రవీంద్రుని గద్యంలో అత్యంత సుందరమైన భాగానికి భూగోళం 1840 నాటి పత్రంలోని ఆస్తుల జాబితాయే. పోస్టుమాస్టరు కథలోని వాన ఎక్కడ కురిసినదో తెలియాలన్నా మనకు ఆ జాబితాయే ఆధారం.

మరి ఆ పరగణాలలో శిస్తు కట్టినవారి మాట? వారు ట్రస్టుపత్రంలో లేరు, వీలునామాలోను లేరు. వారి పేర్లు ఉన్నచోటు జమాబందీ చిట్టాలు, బాకీల పట్టికలు, దావా కాగితాలు. బిరాహింపురం ప్రాంతంలోని కుమార్‌ఖాళీ నుండి కంగాల్ హరినాథ్ 1863లో ప్రారంభించిన 'గ్రామవార్తా ప్రకాశిక' రైతుల కడగండ్లను, జమీందారుల దౌర్జన్యాన్ని ప్రకటించినది. ఆ పత్రికను ఒక చేతిలోను, ఎస్టేటు దస్త్రాన్ని మరొక చేతిలోను పట్టుకొని చదివినప్పుడే ఈ కుటుంబ చరిత్రకు రెండవ కన్ను వస్తుంది. పతిసర్‌లో రవీంద్రుడు 1905లో వ్యవసాయ బ్యాంకు పెట్టినాడు. తరువాత నోబెల్ బహుమతి సొమ్మును అందులో నిలువచేసినాడు. ఎందుకు చేసినాడని అడిగితే దయ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. తాత వ్రాసిన పత్రం వల్ల తనకు సంక్రమించిన శిస్తు ఎవరి చెమటో ఆయనకు కచేరీ లెక్కలలో అంకెలతో సహా కనిపించినది. ఆ లెక్కలు విడిచి దయను మాత్రమే చెప్పడం కవిని పటంగా మార్చడమే.

ఇక ఠాకూరుల రెండవ శాఖ, పాథురియాఘాటా వారి కథ. వీలునామా కుటుంబానికి ఏమి చేయగలదో ఇంతకంటె స్పష్టంగా చూపగల ఉదాహరణ మన దేశంలో అరుదు. ప్రసన్నకుమార్ ఠాకూరు పేరుమోసిన న్యాయవాది, భూస్వామి. ఆయన ఏకైక కుమారుడు జ్ఞానేంద్రమోహన్ 1851లో క్రైస్తవ మతం స్వీకరించినాడు. అంతకు ఒక్క సంవత్సరం ముందే, 1850లో, మతం మారినంతమాత్రాన వారసత్వపు హక్కు పోదని ప్రభుత్వం చట్టం చేసినది. చట్టం కుమారుని రక్షించినది. తండ్రి చట్టం తెలిసినవాడు గనుక చట్టంతోనే జవాబు చెప్పినాడు. బెంగాలులో చెల్లే దాయభాగం ప్రకారం తండ్రికి ఆస్తిమీద పూర్ణాధికారం ఉన్నది. 1862లో వ్రాసిన వీలునామాలో ఆయన కుమారునికి ఏమీ ఇవ్వలేదు. సోదరుని కుమారుడు జతీంద్రమోహన్‌కు జీవితకాలపు అనుభవం ఇచ్చి, ఆ తరువాత ఇంకా పుట్టని మగసంతానానికి వరుసగా చెందేటట్లు తరతరాలకు కట్టడి వ్రాసినాడు. కలకత్తా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రోపన్యాసాలకు నిధిని కూడా అదే వీలునామా ద్వారా ఏర్పాటు చేసినాడు. 1868లో చనిపోయినాడు.

కుమారుడు దావా వేసినాడు. 1872లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పినది: దాత చనిపోయేనాటికి పుట్టనివానికి హిందూ ధర్మం ప్రకారం దానం చెల్లదు, జతీంద్రమోహన్ జీవితకాలపు హక్కు నిలుస్తుంది, అది ముగిసిన తరువాత ఆస్తి సహజ వారసత్వానికి చెందుతుంది. పుట్టని మనుమలను బంధించబోయిన సంకెల ఆ విధంగా తెగినది. అయితే జ్ఞానేంద్రమోహన్ 1890లో మరణించినాడు. జతీంద్రమోహన్ 1908 వరకు జీవించినాడు. గెలిచినవాడు గెలిచినదానిని చూడలేదు.

ఈ వ్యాజ్యం మన న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికీ చదువుతున్నారు. సాహిత్య విద్యార్థులు ఎందుకు చదవరు? పందొమ్మిదవ శతాబ్దపు బెంగాలీ నవలలో వీలునామా ఎన్నిచోట్ల కథను నడిపినదో చూడండి. బంకించంద్రుడు 1878లో ప్రకటించిన 'కృష్ణకాంతుని వీలునామా' పేరులోనే ఆ కాగితం ఉన్నది. దానిని అనువదించిన వారము, చదివిన వారము, వీలునామా దొంగిలించడం కథకోసం కల్పించిన ఉపాయమని అనుకున్నాము. ఆనాటి కలకత్తా పాఠకునికి అది పక్కింటి సంగతి. తండ్రి కోపం ఒక కాగితంగా మారి మూడు తరాలను శాసించగలదని అతడు కళ్లారా చూసినాడు.

ఇది బెంగాలువారి సంగతి, మనకేమి అనవచ్చును. మన ప్రాంతంలో చెల్లినది మితాక్షర. విజ్ఞానేశ్వరుని ఆ వ్యాఖ్యానాన్ని ఆధారం చేసుకొని పదమూడవ శతాబ్దంలోనే కేతన 'విజ్ఞానేశ్వరీయం' అని తెలుగు పద్యాలలో వెలయించినాడు. మితాక్షర ప్రకారం కుమారునికి పిత్రార్జితంలో పుట్టుకతోనే హక్కు వస్తుంది. అందుచేత ప్రసన్నకుమారుని వలె తెలుగు తండ్రి కుమారుని ఒక్క కలంపోటుతో తొలగించలేకపోయినాడు. కాని జమీందారీల సంగతి వేరు. పిఠాపురం జమీందారు గంగాధర రామారావుగారు తన జమీని వీలునామా ద్వారా కుమారునికి ఇచ్చినారు. అంతకుముందే దత్తత వచ్చినవారు దావా వేసినారు. విభాగానికి లొంగని జమీని యజమాని వీలునామా ద్వారా ఇవ్వవచ్చునని 1899లో ప్రీవీ కౌన్సిలు తేల్చినది. ఆ వీలునామా వల్ల జమీ పొందినవారే సూర్యారావు మహారాజావారు. 1936లో మొదటి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు పేరులో ఉన్నది ఆయన పేరే. తెలుగు మాటకు అర్థం వెదకడానికి ఆ నిఘంటువు తెరిచే మనలో ఎంతమందికి దాని వెనుక ఒక వీలునామా, ఒక వ్యాజ్యం, ఒక తీర్పు ఉన్నవని తెలుసును? తీర్పు మరొకవిధంగా వచ్చి ఉంటే ఆ పోషణ ఎవరి చేతిలో ఉండేదో ఊహించనక్కరలేదు. సాహిత్య పోషణకు మూలం ఆస్తి, ఆస్తికి మూలం కాగితం అని గ్రహిస్తే చాలును.

కాగితాలు మాత్రం అబద్ధం చెప్పవా అని అడిగేవారు ఉన్నారు. తప్పక చెబుతవి. వీలునామా ఒక పక్షంవారి వాంగ్మూలం. అందుకే దానిని ఒంటరిగా చదవరాదు. ప్రొబేటు సమయంలో వచ్చిన ఆక్షేపణలు, ఆస్తుల జాబితా, తరువాతి విభాగపు దావా, మనోవర్తి దావా పక్కన పెట్టుకొని చదవవలె. చదివేటప్పుడు నాలుగు ప్రశ్నలు మరువరాదు. ఎవరిని పేరుపెట్టి చెప్పినారు? ఎవరిని 'నా భార్య', 'నా కోడలు' అన్న బంధుత్వంతో మాత్రమే సరిపెట్టినారు? ఇవ్వనందుకు ఏ కారణం చూపినారు? సాక్షి సంతకం ఎవరిది? గుమాస్తా, పురోహితుడు, వైద్యుడు, పొరుగువాడు, ఈ సాక్షుల వరుసయే ఆ ఇంటి సామాజిక పటం. ఏటా ఇన్ని పుట్ల ధాన్యం, ఇన్ని చీరలు, ఉండడానికి పెరటి గది అని వ్రాసిన మనోవర్తి వాక్యం ఆ ఇంటి వితంతువును గురించి ఏ వంశకావ్యమూ చెప్పని నిజం చెబుతుంది.

ఇది గడచిన కాలానికి పరిమితమైన విషయమని ఎవరూ భావించరాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కుమార్తెను వారసురాలిగా అంగీకరించినది. అదే చట్టంలోని 30వ సెక్షను హిందువు సమష్టి కుటుంబంలోని తన భాగాన్ని కూడా వీలునామా ద్వారా ఎవరికైనా ఇవ్వవచ్చునన్నది. ఒక వాకిలి తెరిచి, మరొక వాకిలినుండి వెళ్లగొట్టే వీలు కల్పించినది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి అవివాహిత కుమార్తెలకు, 2005 నుండి దేశమంతటా కుమార్తెలందరికీ సమష్టి ఆస్తిలో పుట్టుకతో హక్కు వచ్చినది. 30వ సెక్షను అట్లాగే ఉన్నది. కుమార్తెకు పెండ్లి సమయంలో ఇవ్వవలసినదంతా ఇచ్చినాము గనుక ఇప్పుడు ఇవ్వడంలేదు అన్న వాక్యం తెలుగు వీలునామాలలో ఎంత పరిచితమో చెప్పనక్కరలేదు. మితాక్షర తెలుగు తండ్రికి ఇవ్వని కలంపోటును ఈ సెక్షను ఇచ్చినది. ప్రసన్నకుమారుడు 1862లో మతం మారిన కొడుకుకు చేసినదానిని మనవారు నేడు ఏ తప్పూ చేయని కూతురుకు చేస్తున్నారు. రేపటి పరిశోధకుడు మన కాలపు కుటుంబాలను గురించి తెలుసుకోవడానికి మన పెండ్లి పత్రికలు చూడడు. ఈ కాగితాలే చూస్తాడు.

చూడడానికి అవి మిగిలితే గదా! 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం వీలునామాలకు మూడవ నంబరు పుస్తకం ప్రత్యేకించినది. వ్రాసినవారు బ్రతికి ఉన్నంతకాలం దాని నకలు వారికో, వారి ప్రతినిధికో మాత్రమే ఇస్తారు. చనిపోయిన తరువాత అడిగినవారికి నకలు ఇవ్వవచ్చును. చట్టం తలుపు తెరిచినది. ఆ తలుపు తట్టిన సాహిత్య పరిశోధకులు ఎందరు? కోర్టు దస్త్రాల గతి ఇంకా విషమం. 1917 నాటి దస్త్రాల విధ్వంసక చట్టం ప్రకారం గడువు తీరిన కాగితాలను న్యాయస్థానాలు తీసివేయవచ్చును. ఏది చరిత్ర, ఏది చెత్త అని నిర్ణయించేవారు చరిత్రకారులు కారు. మదరాసు రాష్ట్రంలో 1948 చట్టంతో ఎస్టేటులు రద్దయినవి. భూమి రైతుకు చేరవలసినదే. దానిని గురించి వివాదం లేదు. కాని జమీ పోయిన తరువాత దివాణాలలోని దస్త్రాలకు విలువ లేదని భావించడం పెద్ద పొరపాటు. జమీందారుకు అవి పనికిరాని కాగితాలు కావచ్చును. రైతు తాతల పేర్లు ఉన్నది వాటిలోనే.

కాగితం మిగిలినా చదివేవారు మిగలవలె. బీహారులో 2024లో భూమి సర్వే ప్రారంభించినప్పుడు పాత పత్రాలు కైథీ లిపిలో ఉండడం, ఆ లిపి చదవగలవారు కరవు కావడం వల్ల ఉద్యోగులకు దానిని నేర్పించవలసి వచ్చినది. నూరేండ్ల క్రితం పల్లె లేఖకునికి వచ్చిన లిపి నేడు శిక్షణ తరగతుల పాఠమైనది. మన దగ్గర శికస్తా పారశీకం, మోడీ, గొలుసుకట్టు తెలుగు చదివేవారి సంఖ్య పెరుగుతున్నదా? కావ్య పరిష్కరణకు తాళపత్రాలు చదవడం నేర్పే మన విశ్వవిద్యాలయాలు దస్తావేజు తెలుగు చదవడం కూడా నేర్పవలె. అకాడమీలు ప్రాచీన కావ్యాలతోపాటు ఎంపికచేసిన వీలునామాలు, ఎస్టేటు లేఖలు వివరణలతో ప్రకటించవలె. కుటుంబాలవారు పెట్టెలలోని కాగితాలను చెదలకు, పాత కాగితాల వ్యాపారులకు వదలక గ్రంథాలయాలకు అప్పగించవలె. జీవితచరిత్ర వ్రాసేవారు ఆస్తి పత్రం చూడకుండా వంశ ప్రకరణం ముగించరాదు.

కొన్ని కుటుంబాల పరువు పోతుందని సంకోచించేవారు ఉండవచ్చును. ఠాకూరుల కాగితాలు నూరేండ్లకు పైగా లోకం ముందు ఉన్నవి. రవీంద్రుని పాటలో ఒక్క స్వరం తగ్గలేదు. తగ్గేది కీర్తి కాదు, మన అజ్ఞానం మాత్రమే. పరువు పేరిట దాచిన ప్రతి వీలునామా వెనుక పేరులేని భార్య ఒకతె, వాటా లేని కూతురు ఒకతె, బాకీ పట్టికలో తప్ప మరెక్కడా కనిపించని రైతు ఒకడు నిలిచి ఉన్నారు. వారు కూడా ఆ కుటుంబ చరిత్రలోనివారే. వారి వాటా వారికి చరిత్రలోనైనా ఇవ్వవలె.